కరిగే నగ, మిగిలే నమూనా: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల సమకాలీన ఆభరణ రూపకల్పనపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
సమకాలీన ఆభరణాన్ని కళగా చర్చించే విమర్శ ప్రధానంగా ఐరోపా ప్రదర్శనశాలల్లో రూపుదిద్దుకొంది. బంగారానికున్న విలువను ప్రశ్నించడం దాని ముఖ్యలక్షణం. బంగారు వ్యాపారమే గుర్తింపుగా ఉన్న ప్రొద్దుటూరు పట్టణానికి, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల కొనుగోలుదారుల జీవితానికి ఆ కొలమానం ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇక్కడి నగ ఎప్పుడైనా తాకట్టుకు వెళ్ళగల, ఎప్పుడైనా కరగగల వస్తువు. రూపకల్పనకు పరిమితి అదే. దాని కళార్థాన్ని వెతకవలసిన చోటు కూడా అదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆభరణం, అలంకారం, తరుగు, నక్షీ పని, తాకట్టు, హాల్‌మార్క్, ప్రొద్దుటూరు, గండికోట.

1. అలంకారం: రెండు వాడుకలు

తెలుగు సాహిత్య విద్యార్థికి అలంకారం అనే మాట రెండు చోట్ల ఎదురవుతుంది. తరగతిలో ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష. ఇంట్లో పుస్తెలు, కమ్మలు, గాజులు. ఆలంకారికులు మొదటిదాన్ని వివరించడానికి రెండోదాన్ని ఆశ్రయించారు. శబ్దార్థాల ద్వారా రసానికి తోడ్పడే అలంకారాలను మమ్మటుడు హారాదులతో పోల్చాడు. కుంతకుడు ఆ ధోరణినే శంకించాడు. కావ్యం నుంచి అలంకారాన్ని నగలాగా తీసి పక్కన పెట్టడం వివరణ కోసమే సాధ్యమని, అలంకారంతో కూడిన సమగ్రరూపమే కావ్యమని అతని మతం. ఇంత చర్చ జరిగిన భాషాసంప్రదాయంలో నగను గురించి మాట్లాడవలసి వచ్చేసరికి మనకు తూకం, ధర, ‘మోడల్’ అనే మూడు మాటలే మిగిలాయి. కాసులపేరు, గుండ్లపేరు, పలకసరులు, నాను, కంటె, వడ్డాణం, వంకీ, జడబిళ్ళ, చేరుచుక్క, బావిలీలు, అడ్డబాస వంటి పేర్లు నిఘంటువుల్లోనూ ప్రబంధ వర్ణనల్లోనూ పుష్కలంగా ఉన్నాయి. వాటి రూపాలను విమర్శకుని కంటితో చూసిన రచనలు మాత్రం తక్కువ.

ఆనంద కుమారస్వామి 1939లో ప్రకటించిన ‘ఆర్నమెంట్’ అనే వ్యాసం ఈ లోటును కొంత తీరుస్తుంది. అలంకార పదంలోని ‘అలం’ అనే అంశానికి చాలినంత, సమర్థమైన అనే అర్థాలున్నాయి. ఆయన దృష్టిలో అలంకరించడమంటే పూర్తయిన వస్తువుకు మరొకటి అతికించడం కాదు. ఆ వస్తువును తన ప్రయోజనానికి సంపూర్ణంగా సిద్ధం చేయడం. ప్రొద్దుటూరువాసికి ఈ సిద్ధాంతం కొత్తగా తోచదు. ఆ ఊరి వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయంలో, ఊరివారి మాటలో చెప్పాలంటే అమ్మవారిశాలలో, శరన్నవరాత్రులలో రోజుకొక అలంకారం జరుగుతుంది. అలంకారం మారితే అక్కడ అమ్మవారి రూపమే మారినట్టు. భక్తుడు “ఈ రోజు ఏ నగలు పెట్టారు” అని అడగడు, “ఈ రోజు ఏ అలంకారం” అని అడుగుతాడు.

అయితే కుమారస్వామి వాదానికి ఒక పరిమితి ఉంది. ఆయన దృష్టిలో ఆభరణం ఒకసారి సంపూర్ణమైతే అలాగే నిలిచేది. మన ఇళ్ళలోని నగ అలా నిలవదు. అమ్మ నగ కరిగి కూతురి నగ అవుతుంది. పాత కమ్మలు ఇచ్చి కొత్త కమ్మలు తెచ్చుకుంటాం. కరగడం ఒక కళాస్వరూపానికి సహజధర్మమైనప్పుడు దాన్ని ఏ కొలమానంతో విమర్శించాలన్నది ఇక్కడి ప్రశ్న.

2. తరుగు

ప్రొద్దుటూరును రెండో ముంబై అనీ, బంగారు పట్టణమనీ వ్యవహరించడం కడప జిల్లాలో పరిపాటి. ఆ పేర్లలో అతిశయోక్తి ఎంతైనా, పెళ్ళి కుదిరిన ఇంటివారు చుట్టుపక్కల తాలూకాల నుంచి నగలకు ఈ ఊరికే రావడం వాస్తవం. ఈ వీధుల్లో రూపకల్పనను సూచించే మాట ఏదని వెతికితే అది కొన్నవారి చేతికి వచ్చే బిల్లులో దొరుకుతుంది. అక్కడ బంగారం తూకం ఉంటుంది, ఆనాటి ధర ఉంటుంది, వాటి కింద ‘తరుగు’ ఉంటుంది.

తరుగు అంటే తగ్గినది. కంసాలి కుంపటి ముందు కూర్చొని చేసే పనిలో ఆ మాటకు అక్షరార్థం ఉండేది. మూసలో బంగారాన్ని కరిగించి, కడ్డీ పోసి, దాగలి మీద సాగగొట్టి, కమ్మెచ్చులో తీగ లాగి, వెలిగారం చల్లి అతికి, ఆకురాయితో నునుపు చేసేసరికి కొంత లోహం రజనుగా రాలేది, కొంత కుంపటి బూడిదలో కలిసేది. బంగారు వీధుల దుమ్మును ఊడ్చి, కడిగి, అందులోని రేణువులను ఏరుకొని బతికేవారు ఉండేవారంటే ఆ నష్టం కల్పితం కాదని తెలుస్తుంది. నేడు నగ తయారీ చాలావరకు మారింది. కంప్యూటరు తెరపై గీసిన నమూనా మైనపు ప్రతిగా మారుతుంది. దాని మీద అచ్చు తయారవుతుంది. ఒకే ఆకృతి వందల ప్రతులుగా పోతపోసుకుంటుంది. గాజుల మీది గీతలను యంత్రం కోస్తుంది. పోయే లోహం స్వల్పం, అందులోనూ ఎక్కువ భాగం తిరిగి రాబట్టుకోదగినది. అయినా తరుగు శాతం తగ్గలేదు. పనితనం పెరిగిన కొద్దీ పెరుగుతుంది. అంటే ఇప్పుడు ఆ మాట కింద లెక్కించేది నష్టాన్ని కాదు, రూపకల్పనను, శ్రమను, దుకాణపు లాభాన్ని కలిపి. మన వ్యాపారభాష కళకు ధర కడుతున్నది, నష్టం అనే పేరుతో.

ఆ నగనే తిరిగి అమ్మబోతే రూపానికి దక్కేది సున్న. కొన్ననాడు పన్నెండు శాతమో పదిహేను శాతమో పెట్టి కొన్న లతలు, హంసలు, మామిడిపిందెలు అమ్మేనాడు లెక్కలోకి రావు. ఆర్థికశాస్త్రం దీన్ని దుర్వ్యయం అనవచ్చు. విమర్శకునికి ఇది మరో విధంగా కనిపించాలి. తిరిగి రాని సొమ్మును తెలిసి తెలిసి ఒక రూపం కోసం ఖర్చు పెట్టే కుటుంబం, కరవుసీమలో, ఆ రూపానికి డబ్బుతో కొలవలేని విలువ ఉందని ఒప్పుకుంటున్నది. బంగారంలో పెట్టుబడి మాత్రమే లక్ష్యమైతే బిళ్ళలు కొనుక్కోవచ్చు.

ఈ దృష్టితో చూస్తే అన్ని నమూనాలూ ఆ ఖర్చుకు అర్హమైనవి కావని కూడా చెప్పవలసి వస్తుంది. పోతపోసిన హారాన్నీ, నక్షీ హారాన్నీ పక్కపక్కన పెట్టి వెనక్కి తిప్పి చూడాలి. నక్షీ పనిలో రేకును లక్క మీద ఆనించి, ఉలులతో ముందు నుంచీ వెనక నుంచీ రూపాన్ని పైకి తెస్తారు. వెనుకవైపున ప్రతి దెబ్బకూ ఒక లొత్త ఉంటుంది. దేవతామూర్తి చెంపకు ఒక లోతు, కిరీటానికి మరో లోతు. పోత నగలో వెనుకభాగం చదునుగానో, లోహం ఆదా కోసం గుల్లగానో ఉంటుంది. ముందు కనిపించే ఉబ్బెత్తుకూ వెనుక ఉన్న ఖాళీకీ చేతిపని సంబంధం లేదు. ‘యాంటిక్’ అని ముదురు రంగు వేసి అమ్మే నగల్లో ఎక్కువ భాగం ఈ రెండో జాతివే. వయసును రంగుగా పూసుకున్నవి.

‘లైట్ వెయిట్’ నమూనాలను మాత్రం అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. 2025లో 10 గ్రాముల బంగారం ధర లక్ష రూపాయలు దాటింది. మధ్యతరగతి ఇంటికి పెద్ద హారం అసాధ్యమైపోయింది. తక్కువ లోహంతో ఎక్కువ వైశాల్యాన్ని నింపడం అప్పుడు కేవలం వ్యాపారయుక్తి కాదు, రూపకర్త ముందున్న నిజమైన సమస్య. జాలీ పని, సన్నతీగ చుట్టలు, గొలుసుల మధ్య వదిలిన ఖాళీ, పూసల మధ్య దారం ఎడం — వీటిలో కొన్ని పరిష్కారాలు చూడముచ్చటగా ఉన్నాయి. ఇదే సమస్యను కరీంనగర్ వెండితీగ పనివారు చాలాకాలం కిందటే పరిష్కరించారు. అక్కడ తీగల మధ్య శూన్యమే ఆకృతిలో సగం. ప్రొద్దుటూరు దుకాణాల్లోని తేలిక నగ ఆ శూన్యాన్ని ఇంకా దాచుకోవాలని చూస్తున్నది, బరువైన నగలా కనిపించాలన్న ఆశ దాన్ని వదలడం లేదు. దాని బలహీనత అక్కడ ఉంది.

3. గండికోటలో మదింపు, గండికోటలో మూస

నగ విలువను ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న ఈ ప్రాంతానికి కొత్తది కాదు. జమ్మలమడుగుకు సమీపంలోని గండికోటకు 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు జాఁ బాప్తిస్త్ టావెర్నియే వచ్చాడు. గోలకొండ సుల్తానుకు అమ్మదలచిన సరుకును ముందుగా మీర్ జుమ్లాకు చూపడం అతని ఉద్దేశం. ఆ కోట అప్పటికి పెమ్మసాని నాయకుల చేతి నుంచి మీర్ జుమ్లా వశమైంది. మీర్ జుమ్లా సేనాని మాత్రమే కాదు, వజ్రాల గనుల వ్యాపారం తెలిసినవాడు. పాలకుడి దగ్గరికి వెళ్ళే ముందు సరుకును మదింపుదారుకు చూపాలన్న నియమానికి మన సీమలోనే ఇంత పాత సాక్ష్యం ఉంది.

టావెర్నియే యాత్రాకథనంలో ఇదే కోటకు సంబంధించిన మరో విషయం ఆభరణ విమర్శకు ఇంకా దగ్గరిది. ఫిరంగులు పోయించడానికి మీర్ జుమ్లా ఆలయాల రాగి విగ్రహాలను పోగుచేయించాడట. వాటిని కరిగించే పని మైయే అనే ఫ్రెంచివానికి అప్పగించాడు. మిగిలినవి కరిగినా గండికోట ఆలయానికి చెందిన కొన్ని విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదని టావెర్నియే రాశాడు. ఈ కథలోని లోహశాస్త్రాన్ని పరీక్షించడం మన పని కాదు. రూపం పొందిన లోహాన్ని మళ్ళీ ముడిలోహంగా చూడడానికి మనిషి ఎక్కడో జంకుతాడు. ఆ జంకుకే కథ రూపమిచ్చింది. అమ్మమ్మ నగను కరిగించేముందు ఇంట్లో జరిగే చర్చలో వినిపించేదీ అదే. తేడా ఒక్కటే, అమ్మమ్మ నగ కరుగుతుంది.

కరిగిపోయే కళకు చరిత్ర రాయడం కష్టం. కడప సీమకే చెందిన తాళ్లపాక కవుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద ఉండడం వల్ల మనకు దక్కాయి. అవే బంగారు రేకులైతే ఏ శతాబ్దంలో ఏ మూసలోకి వెళ్ళేవో ఊహించుకోవచ్చు.

4. రాతిలో దాచుకున్న నగ

నగలు కరిగినా వాటి ఆకృతులు రాతిలో, రంగులో నిలిచాయి. గండికోటలోని మాధవరాయ, రంగనాథ ఆలయాలు, అచ్యుతరాయల కాలపు లేపాక్షి కుడ్యచిత్రాలు ఆనాటి కంఠాభరణాలకు, కర్ణభూషణాలకు, కటిసూత్రాలకు మనకున్న నమూనా పుస్తకాలు. శిల్పి కంసాలి చేసిన నగను చూసి రాతిలో చెక్కాడు. చూపు తెలిసిన శిల్పి చెక్కిన చోట గొలుసు శరీరం మీద ఎలా వాలుతుందో, పతకం బరువుకు హారం ఎక్కడ వంగుతుందో కూడా తెలుస్తుంది.

నేడు ‘టెంపుల్ జ్యువెలరీ’ పేరుతో అమ్మే నగలు ఈ దారిని వెనక్కి నడుస్తున్నాయి. రాతిలోని రూపం తిరిగి బంగారంలోకి వస్తున్నది. ఇందులో తప్పులేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఒకప్పుడు దేవత ధరించిన నగ ఇప్పుడు దేవతనే నగగా ధరింపజేస్తున్నది. లక్ష్మీమూర్తి పతకమై, గొలుసు కొసన కూర్చొని, చెవి తమ్మెకు వేలాడుతుంది. మూర్తి చుట్టూ ఉన్న మండపం, తోరణం, ఏనుగులు చిన్నవై ఒకదానిమీదొకటి ఎక్కి, గుర్తుపట్టలేనంత కిక్కిరిసిపోతాయి. గుడిలో రూపానికి చుట్టూ ఉండే ఖాళీ గోడ ఈ నగల్లో ఉండదు. నాగర్‌కోయిల్ ఆలయాభరణాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడ దేవతకూ నర్తకికీ నగ చేసే సంప్రదాయం నుంచి ఆ శైలి ఎదిగింది. మన మార్కెట్‌లోని అనుకరణకు ఆ నేపథ్యం లేదు. గండికోట స్తంభాలు ఇంత దగ్గరలో ఉండగా ఆ లతలను, ఆ గొలుసుకట్లను ఆధారం చేసుకున్న నమూనాలు ప్రొద్దుటూరు అద్దాల వెనుక పేరు చెప్పుకొని కనిపించకపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది.

జమ్మలమడుగు సమీపంలోనే మరో శిల్పసంపద ఉంది, అది ఈ చర్చకు అవతలి అంచు. పెన్నా తీరాన దానవులపాడులో రాష్ట్రకూటుల కాలపు జైనక్షేత్రం బయటపడింది. అక్కడి తీర్థంకర మూర్తులు దిగంబరాలు. మెడలో సరం లేదు, చెవికి కుండలం లేదు. ఆ నిరాభరణత్వం పేదరికం కాదు. సంసారాన్ని వదిలినవాడి శరీరానికి అలంకారం అక్కరలేదన్న ప్రకటన అది. నగ ఉన్నచోట ఒక బంధం, ఒక హోదా, ఒక బాధ్యత ఉంటాయని ఆ మూర్తి వాటి లేమితో చెబుతుంది. పుస్తెలు, మట్టెలు, నల్లపూసలు ఎందుకు ‘డిజైన్’ కంటే ముందు ‘అర్థం’గా కనిపిస్తాయో తెలుసుకోవాలంటే దానవులపాడు వెళ్ళి రావాలి.

5. పులివెందుల: బీరువాలోని నగ, బ్యాంకులోని నగ

పులివెందుల ప్రాంతంలో అరటి, చీనీ తోటలున్నాయి. వాటితోపాటు వాన మీద, బోరుబావి మీద బెంగ కూడా ఉంది. పంటకు పెట్టుబడి కావలసినప్పుడు రాయలసీమ రైతు ఇంట్లో తొలుత కదిలేది భార్య నగ. బంగారంపై పంటరుణం తీసుకోవడం ఎంత విస్తృతమైన ఆచారమంటే, 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన రుణమాఫీ బంగారం కుదువపెట్టి తెచ్చిన పంటరుణాలను కూడా లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. 1985 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమానహక్కు ఇచ్చింది. అయినా మెట్టినింటికి ఆమె వెంట నడిచి వెళ్ళే ఆస్తి బంగారమే. అదే మళ్ళీ భర్త పొలానికి విత్తనంగా, ఎరువుగా మారుతుంది.

తాకట్టు నగను విలువ కట్టేటప్పుడు అందులోని బంగారం విలువనే చూడాలని, మజూరి వంటి ఇతర ఖర్చులను కలపరాదని రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలు చెబుతాయి. రాళ్ళ బరువును మదింపుదారు తీసివేస్తాడు. గీటురాయి, త్రాసు ఉన్న ఆ బల్ల మీద నగకు రూపం ఉండదు. ఈ విషయం తెలిసిన ఇల్లాలు కొనేటప్పుడే ఆ బల్లను మనసులో పెట్టుకొని కొంటుంది. కెంపులు, పచ్చలు పొదిగిన నెక్లెసు కంటే గుండ్లపేరును, బోలు గాజుల కంటే గట్టి గాజులను ఎంచుకుంటుంది. పల్లెల్లో సాదా గొలుసులు, గుండ్లు, కాసులు ఇంతకాలం నిలవడానికి అభిరుచి వెనుకబాటుతనాన్ని కారణంగా చూపడం తొందరపాటు. ఆ రూపాలను మలిచినవాళ్ళలో ఎన్నడూ ఉలి పట్టని బ్యాంకు మదింపుదారు కూడా ఒకడు. ప్రయోజనం రూపాన్ని నిర్ణయిస్తుందని ఆధునిక రూపకల్పన గొప్పగా చెప్పుకొనే సూత్రం ఇక్కడ ఏ పాఠశాలా చెప్పకుండానే అమలైంది.

ఇక్కడ ఐరోపా సమకాలీన ఆభరణకళను గుర్తుచేసుకోవడం అవసరం. 1960లలో నెదర్లాండ్స్‌లో ఖైస్ బాకర్, ఎమీ వాన్ లీర్సుమ్ అల్యూమినియంతో పెద్ద కంఠాభరణాలు చేసి, నగ విలువ లోహంలో లేదని వాదించారు. 1980లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఓటో క్యూన్‌ట్స్‌లీ ఒక నల్లరబ్బరు కంకణం చేశాడు. దాని లోపల బంగారు గుండు ఉంది. రబ్బరు కప్పుకున్న ఉబ్బు తప్ప పైకి ఏమీ కనబడదు. బంగారం మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టాడు. ధరించినవారు లోపల బంగారం ఉందని నమ్మవలసిందే. చూడాలంటే కంకణాన్ని కోయాలి. ఆ రంగపు చర్చల్లో దీనికి పెద్ద స్థానం ఉంది.

పులివెందుల ప్రాంతపు ఇల్లాలి స్థితిని ఈ కంకణం పక్కన పెట్టి చూద్దాం. ఆమె అసలు హారం బ్యాంకు ఖజానాలో ఉంది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు మెడలో ఉన్నది మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి పేరుతో తెలుగునాట ప్రసిద్ధమైన రోల్డ్‌గోల్డ్ నగ. అసలుది కనపడదు, కనపడేది అసలు కాదు. చూసేవారికి ఆ సంగతి తెలుసు, తెలియనట్టు ఉంటారు. ఈ మర్యాదలో క్యూన్‌ట్స్‌లీ రబ్బరు కంకణంలోని ఆలోచన అంతా ఉంది. అదనంగా ఒక కుటుంబం అప్పు, ఒక కారు పంట, విడిపించుకుంటామన్న ఆశ ఉన్నాయి. ప్రదర్శనశాలలోని కంకణం బంగారాన్ని దాచడానికి కళాకారుని నిర్ణయం చాలు. ఇక్కడ దాచింది కరవు. కనుక సమకాలీన ఆభరణం బంగారాన్ని నిరాకరించినప్పుడే కళ అవుతుందన్న కొలమానాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోలేం. బంగారాన్ని నిరాకరించే వెసులుబాటు అది ఉన్నవాళ్ళకే ఉంటుంది. చిలకలపూడి నగను ‘నకిలీ’ అని ఒక్కమాటలో కొట్టిపారేసే మన అలవాటు కూడా పునఃపరిశీలించదగినది. అమ్మకానికి, తాకట్టుకు పనికిరాని ఆ నగ రూపం కోసమే బతుకుతుంది. ఈ ప్రాంతంలో కేవలం రూపకల్పన అనదగినది ఏదైనా ఉంటే అదే.

6. ముద్ర ఎవరిది

బంగారు పనివారిని రాజ్యం పట్టించుకున్న సందర్భాలు చూస్తే అవి లోహం గురించినవే. 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు కొత్త నగల స్వచ్ఛతను 14 కారట్లకు పరిమితం చేశాయి. దేశమంతటా కంసాలుల జీవనం దెబ్బతిన్నది, ఆత్మహత్యలు జరిగాయి. 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం 1990లో రద్దయ్యే వరకు ఏదో ఒక రూపంలో ఆ అదుపు కొనసాగింది. 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. ఇప్పుడు నగ మీద మూడు గుర్తులుంటాయి: భారతీయ ప్రమాణాల సంస్థ చిహ్నం, స్వచ్ఛత, ఆరు అక్షరాంకెల విశిష్ట సంఖ్య. అంతకుముందు ఉండిన దుకాణదారు గుర్తు కూడా ఈ సంఖ్యలో కలిసిపోయింది. కొనుగోలుదారుకు ఇది మేలే. 22 కారట్లని చెప్పి తక్కువ బంగారం అంటగట్టే మోసానికి అడ్డుకట్ట పడింది.

ఆ మూడు గుర్తులలో చేసినవాడి పేరుకు చోటు లేదు. పట్టదకల్లు విరూపాక్షాలయ స్థపతి గుండ అనివారితాచారి పేరు ఎనిమిదో శతాబ్దపు శాసనంలో ఉంది. ఆయన రాతిలో పనిచేశాడు. బంగారంలో పనిచేసినవాడికి శాసనం వేయించినవారు అరుదు. పంచవృత్తుల విశ్వబ్రాహ్మణ సంప్రదాయంలో స్వర్ణకారుని మూలపురుషుడికి విశ్వజ్ఞుడని పేరు. ఆ సంప్రదాయానికి ఆరాధ్యుడైన పోతులూరి వీరబ్రహ్మం మఠం ఈ జిల్లాలోనే ఉంది. అయినా జిల్లాలోని పాత నగలలో ఏ ఒక్కటి ఎవరి చేతిదో చెప్పగల పత్రం దొరకదు. నేడు తెలుగు పట్టణాల బంగారు పనిలో బెంగాల్ నుంచి వచ్చిన పనివారు కూడా ఉన్నారు. వారి చేతి తీరు స్థానిక నమూనాలతో కలిసి కొత్త రూపాలు పుడుతున్నాయి, పేరు లేకుండానే. డిజైన్ల చట్టం, 2000 కింద ఆకృతిని నమోదు చేసుకోవచ్చు. మొదట 10 ఏళ్ళు, ఆపై మరో 5 ఏళ్ళ రక్షణ ఉంది. ఒక్కడే కూర్చొని పనిచేసే కంసాలికి ఆ దారి అందుబాటులో ఉందనుకోవడం కష్టం.

పరిశోధకుని పని ఇక్కడ మొదలవుతుంది. వారసుల అటకల మీద తుప్పు పడుతున్న కమ్మెచ్చులు, ఇత్తడి అచ్చులు, సీసపు దిమ్మెలు, నమూనాలు గీసుకున్న చిత్తుపుస్తకాలు ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. కరిగే నగకు అవి ప్రతులు. ఏ అచ్చు ఏ కాలానిది, దాన్ని ఎవరు చెక్కారు, ఏ ఊరివారు ఏ నగకు ఏ పేరు పెట్టుకున్నారు, జమ్మలమడుగులో ఉన్న పేరు పులివెందులలో ఎందుకు మారింది అనే ప్రశ్నలకు జవాబు చెప్పగల వృద్ధ స్వర్ణకారులు ఉన్నప్పుడే ఆ సేకరణ జరగాలి. తాకట్టు చీటీలో ‘సరుడు ఒకటి, గాజులు నాలుగు’ అని రాసుకొనే చోట, నగ కరగడానికి ముందు దాని ముందువైపు, వెనుకవైపు రెండు ఛాయాచిత్రాలు, చేసినవారి పేరు ఒక పుస్తకంలో చేరడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.